మహాభారత్ (టి.వి. ధారావాహిక) నటవర్గం

మహాభారత్ హిందీ భాషలో నిర్మింపబడిన పౌరాణిక టి.వి. ధారావాహిక. బి.ఆర్.చోప్రా నిర్మాతగా, ఆయన కుమారుడు రవి చోప్రా దర్శకత్వంలో తయారైన ఈ ధారావాహిక 1988 అక్టోబరు 2 నుండి 1990 జూన్ 24 వరకు 94 భాగాలుగా దూరదర్శన్‌లో ఆదివారం ఉదయం ప్రసారమైంది. సంభాషణలు రచించినవాడు హిందీ, ఉర్దూ సాహిత్యాలలో సుప్రసిద్ధుడైన డాక్టర్ రాహీ మాసూమ్ రజా. ఈ వ్యాసం ఆ ధారావాహికలో ముఖ్య పాత్రలు ధరించిన నటీనటుల పూర్వరంగాన్ని, అటు తరువాతి జీవితాన్ని వివరిస్తుంది.

ఈ నటవర్గంలో నాటికి పేరున్న తారలు బహు స్వల్పం. పశువైద్యుడు, డిస్కస్ త్రోయర్, ఇంజనీరు, బెంగాలీ టి.వి. నటి, అవకాశాలు తప్పిపోయిన సినిమా నటుడు - ఇటువంటివారు ఒకచోట చేరి దాదాపు రెండు సంవత్సరాలపాటు దేశంలోని ప్రేక్షకులకు పాండవులుగా, కౌరవులుగా నిలిచారు. ఆ పాత్రలు వారిని ఆ తరువాత కూడా విడిచిపెట్టలేదు. కొందరికి అది జీవితాంతం అన్నం పెట్టిన పేరు. మరికొందరికి వేరే వేషం దొరకనీయని సంకెల.

తెలుగు ప్రేక్షకుల ప్రత్యేక పరిస్థితి

ఉత్తర భారత ప్రేక్షకునికి ఈ ధారావాహికలోని ముఖాలు చాలావరకు కొత్తవి. తెలుగువారి సంగతి వేరు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలను రాత్రంతా మేల్కొని చూచినవారికి పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి కృష్ణ పాత్రధారులు పరిచితులు. వెండితెర మీద నందమూరి తారక రామారావు, ఎస్.వి.రంగారావు, సావిత్రి ఆ పాత్రలకు రూపం దిద్ది ఉన్నారు. దానవీరశూరకర్ణ (1977)లో రామారావు ఒక్కడే దుర్యోధనునిగా, కర్ణునిగా, కృష్ణునిగా మూడు పాత్రలు ధరించాడు. ఒకే మహానటుని చుట్టూ భారతాన్ని నడపటం తెలుగు చలనచిత్రాల పద్ధతి. చోప్రా పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. పాత్రకొక కొత్త ముఖాన్ని వెదకి, ప్రేక్షకుడు నటుని కాక పాత్రనే చూసేలా చేయటం ఆయన ఉద్దేశం. పద్యం లేని రాయబారాన్ని, రాగం లేని కృష్ణుని చూడటానికి తెలుగు ఇళ్ళలో పెద్దలకు కొన్ని వారాలు పట్టిందనటం అతిశయోక్తి కాదు. పిల్లలకు ఆ ఇబ్బంది లేకపోయింది.

నటుల ఎంపిక - గూఫీ పెయింటల్

శకుని పాత్రధారి గూఫీ పెయింటల్ ఈ ధారావాహికకు నటుల ఎంపిక బాధ్యతను కూడా నిర్వహించాడు. అసలు పేరు సరబ్‌జీత్ సింగ్ పెయింటల్. ఇంజనీరింగు చదివినవాడు. ఇతని తమ్ముడు కన్వర్‌జీత్ పెయింటల్ 1970వ దశకంలో పేరు పొందిన హాస్యనటుడు. బావర్చీ, చలా మురారీ హీరో బన్‌నే చిత్రాలకు ఫిలింఫేర్ హాస్యనట బహుమతులు అందుకున్నాడు. ఈ తమ్ముడే ధారావాహికలో శిఖండి. ఈ విధంగా కురువంశ నాశనానికి మూలమైన పాచికలు అన్న చేతిలోను, భీష్ముని పతనానికి కారణమైన పాత్ర తమ్ముని చేతిలోను పడ్డాయి.

గూఫీ శకుని ఒక కంటిని సగం మూసి, కుంటుతూ నడిచి, పాచికలను అరచేతుల మధ్య దొర్లిస్తూ మాట్లాడే శకుని. మాయాబజార్ (1957)లో సి.ఎస్.ఆర్.ఆంజనేయులు, శ్రీకృష్ణ పాండవీయం (1966)లో ధూళిపాళ సీతారామశాస్త్రి ధరించిన శకుని పాత్రలతో పోల్చి చూడదగిన నటన ఇది. సి.ఎస్.ఆర్. శకునిలో చమత్కారం పాలు ఎక్కువ. ధూళిపాళ శకునిలో పగ ముందుకు వస్తుంది. గూఫీ ఈ రెంటినీ కలిపి, మేనమామ ఆప్యాయతను ముసుగుగా వాడుకున్నాడు. "భాంజే" అన్న పిలుపు అతని నోట వినగానే ఏదో అనర్థం రాబోతున్నదని హిందీ రాని ప్రేక్షకునికి కూడా తెలిసిపోయేది. దుర్యోధనుడు, కర్ణుడు ఇటువంటి పాత్రలకు నటులను తేల్చటంలో ముఖ్యపాత్ర వహించిన ఈ వ్యక్తికే అందరికన్న దుష్టుడైన పాత్ర దక్కింది. 2023 జూన్ 5న ముంబైలో మరణించాడు.

కృష్ణుడు - నితీష్ భరద్వాజ్

నితీష్ భరద్వాజ్ 1963 జూన్ 2న జన్మించాడు. మరాఠీ కుటుంబం. తండ్రి జనార్దన్ ఉపాధ్యే కార్మిక న్యాయవాది. నితీష్ బొంబాయి పశువైద్య కళాశాలలో చదివి, గుర్రపు పందేల మైదానంలో సహాయ పశువైద్యునిగా కొంతకాలం పనిచేశాడు. మరొక ప్రక్క మరాఠీ నాటకరంగంలో కృషి చేశాడు. గుర్రాలకు వైద్యం చేసిన యువకుడు పార్థసారథి కావటం యాదృచ్ఛికమే గాని, ముచ్చటైన యాదృచ్ఛికం.

అతడే పలుమార్లు చెప్పిన ప్రకారం మొదట అతనిని పిలిచింది విదురుని పాత్రకు. తీరా వెళ్ళేసరికి ఆ వేషంలో వీరేంద్ర రాజ్దాన్ సిద్ధంగా ఉన్నాడు. విదురుడు కొన్ని భాగాలలోనే ముసలివాడవుతాడు, ఇరవై నాలుగేళ్ళ వాని ముఖానికి అది నప్పదని చెప్పారట. నకులుడో సహదేవుడో కమ్మంటే అతడు ఒప్పుకోలేదు, అభిమన్యుని మీద మనసు పెట్టుకున్నాడు. చివరకు కృష్ణ పాత్రకు పరీక్ష ఇమ్మని పిలుపు వచ్చింది. అంత పెద్ద పాత్రకు తాను చాలనని వెనుకాడాడు కూడా. ఆ వెనుకంజ వేసినవాని చిరునవ్వే ధారావాహికకు మూలస్తంభమైంది.

తరువాత ఇతని నట జీవితం ఆశించినంతగా విస్తరించలేదు. మలయాళంలో పద్మరాజన్ దర్శకత్వం వహించిన ఞాన్ గంధర్వన్ (1991)లో నాయకుడు. భారతీయ జనతా పార్టీ తరపున 1996లో జంషెడ్‌పూర్ నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. 1999లో మధ్యప్రదేశ్‌లోని రాజ్‌గఢ్‌లో పోటీ చేసి ఓడిపోయాడు. అనంతరం రాజకీయాలకు దూరమై సుధామూర్తి కథ ఆధారంగా పితృఋణ్ (2013) అనే మరాఠీ చిత్రానికి దర్శకత్వం వహించాడు. మొహెంజొదారో (2016), కేదార్‌నాథ్ (2018) చిత్రాలలో ఇతనిని చూడవచ్చు. చోప్రాల విష్ణు పురాణ్ ధారావాహికలో విష్ణువు కూడా ఇతడే. అంటే పన్నెండు సంవత్సరాల తరువాత కూడా నిర్మాతలు వెదికింది ఆ కిరీటం క్రింది ముఖాన్నే.

కురువృద్ధులు

భీష్ముని పాత్ర ధరించిన ముఖేష్ ఖన్నా 1958లో జన్మించాడు. ధారావాహిక ప్రారంభమయ్యే నాటికి అతని వయస్సు ముప్పది సంవత్సరాలే. పితామహుడు అని చేతులు జోడించిన మనుమలలో పలువురు అతని ఈడువారు. పూణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో నటన అభ్యసించి, 1980వ దశకం తొలినాళ్ళలో కొన్ని చిత్రాలలో నాయకునిగా నటించినా అవి నిలువలేదు. దుర్యోధనుడు కమ్మంటే ప్రతినాయక పాత్ర వద్దన్నానని అతడు చెప్పుకున్నాడు. తెల్లని గడ్డం, గంభీరమైన కంఠం, మెల్లని నడక - ఈ మూడింటితో అతడు భీష్ముని నిలబెట్టాడు. ధారావాహికలోని మొత్తం నటనలో భీష్ముని శరతల్ప ఘట్టాలదే అగ్రస్థానమని చెప్పవచ్చు.

ముఖేష్ ఖన్నా తన రెండవ పేరును తానే నిర్మించుకున్నాడు. 1997 నుండి 2005 వరకు దూరదర్శన్‌లో ప్రసారమైన శక్తిమాన్ పిల్లల ధారావాహికకు నిర్మాతా అతడే, నాయకుడూ అతడే. అందులో శక్తిమాన్‌కు పరమశత్రువైన తమ్‌రాజ్ కిల్విష్‌గా నటించినవాడు మరెవరో కాదు, మహాభారత్‌లో ద్రోణాచార్యుడైన సురేంద్ర పాల్. హస్తినాపురపు సభలో ప్రక్కప్రక్క ఆసనాలలో కూర్చున్న ఇద్దరు వృద్ధులు పదేళ్ళకు పిల్లల కోసం బాహాబాహీ తలపడ్డారు. ముఖేష్ ఖన్నా భారత బాలల చిత్ర సమితికి అధ్యక్షునిగా ఉండి 2018లో రాజీనామా చేశాడు.

విదురుడు వీరేంద్ర రాజ్దాన్ కాశ్మీరీ నటుడు. రిచర్డ్ అటెన్‌బరో నిర్మించిన గాంధీ (1982) చిత్రంలో మౌలానా ఆజాద్ ఇతడే. నీతిమంతుడైన మంత్రి పాత్రకు అటువంటి పూర్వానుభవం కలసివచ్చింది. 2003లో మరణించాడు. ధృతరాష్ట్రునిగా గిరిజా శంకర్, గాంధారిగా రేణుకా ఇస్రానీ నటించారు. రేణుక అంతకు ముందే హమ్ లోగ్ (1984-85) ద్వారా దూరదర్శన్ ప్రేక్షకులకు పరిచయమైనది. కళ్ళకు గంతతో, కేవలం కంఠంతోను, చేతులతోను నటించవలసి రావటం ఏ నటికైనా కఠిన పరీక్ష.

పాండవులు

ఐదుగురిలో విచిత్రమైన పూర్వరంగం భీమునిది. ప్రవీణ్ కుమార్ సోబ్తీ 1947 డిసెంబరు 6న పంజాబులోని సర్హాలీలో జన్మించాడు. ఆరున్నర అడుగుల పైచిలుకు మనిషి. సరిహద్దు భద్రతా దళంలో ఉద్యోగి. 1966 బాంకాక్ ఆసియా క్రీడలలో డిస్కస్ త్రోలో స్వర్ణ పతకం, హేమర్ త్రోలో కాంస్య పతకం సాధించాడు. అదే సంవత్సరం కింగ్‌స్టన్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో హేమర్ త్రోలో రజతం. 1970లో మరల బాంకాక్‌లోనే డిస్కస్ స్వర్ణం నిలబెట్టుకున్నాడు. 1974 టెహరాన్ క్రీడలలో రజతం. 1968, 1972 ఒలింపిక్ క్రీడలలో భారతదేశం తరపున పాల్గొన్నాడు. 1967లో అర్జున పురస్కారం లభించింది. భీముడు కాక ముందే అర్జున బిరుదు పొందిన మనిషి ఇతడు.

ఇతనిని సినిమాలలోనికి తెచ్చినవాడు దర్శకుడు రవికాంత్ నగాయిచ్. ఒక పోటీ నిమిత్తం కాశ్మీరు వెళ్ళినపుడు ఆ అవకాశం వచ్చింది. మొదటి పాత్రకు మాటలే లేవు. ఈ నగాయిచ్ తెలుగువారికి కొత్తవాడు కాడు, రామారావు తొలిసారి దర్శకత్వం వహించిన సీతారామ కళ్యాణం (1961)కు ఛాయాగ్రాహకుడు. షహెన్‌షా (1988)లో అమితాబ్ బచ్చన్‌తో తలపడిన ముఖ్తార్ సింగ్ కూడా ప్రవీణ్ కుమారే. భీముని పాత్రలో ఇతని సంభాషణోచ్చారణ మీద విమర్శలు లేకపోలేదు. అయితే గద భుజాన వేసుకొని నిలుచున్నపుడు ఆ విమర్శలు ఎవరికీ గుర్తుండేవి కావు. 2013లో ఢిల్లీ శాసనసభ ఎన్నికలలో వజీర్‌పూర్ నుండి పోటీ చేసి ఓడిపోయాడు. చివరి రోజులలో అనారోగ్యంతో ఇంటికే పరిమితమై, క్రీడాకారునిగా తనకు రావలసిన పింఛను రాలేదని బాధపడ్డాడు. 2022 ఫిబ్రవరి 7న మరణించాడు. మరణవార్తలన్నిటి శీర్షికలలో భీముడే ఉన్నాడు. రెండు ఆసియా స్వర్ణాలు లోపలి పేరాలలోనికి పోయాయి.

అర్జునుడు ఫిరోజ్ ఖాన్. అదే పేరుతో హిందీ చిత్రరంగంలో అప్పటికే ఒక అగ్రనటుడు ఉండటం వలన, పాత్ర పేరునే వృత్తినామంగా స్వీకరించి అర్జున్ అయ్యాడు. ఈ ధారావాహికలో పాత్ర నటుని పేరును కూడా మార్చివేసిన సందర్భం ఇదొక్కటే. విధి వినోదం చూడండి: తరువాత జిగర్ (1992) చిత్రంలో ఇతడు ధరించిన ప్రతినాయక పాత్ర పేరు దుర్యోధన్. ఆ పిమ్మట హిందీ చిత్రాలలో ఎక్కువగా దుష్టపాత్రలే లభించాయి.

ధర్మరాజు పాత్రధారి గజేంద్ర చౌహాన్ పేరు ధారావాహిక ముగిసిన పాతిక సంవత్సరాలకు మరొక కారణంగా దేశమంతా వినబడింది. 2015 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం అతనిని పూణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షునిగా నియమించగా, ఆ పదవికి తగిన స్థాయి అతనికి లేదని విద్యార్థులు 139 రోజులు సమ్మె చేశారు. అతడు 2016 జనవరిలో బాధ్యతలు చేపట్టాడు. 2017లో అతని తరువాత అనుపమ్ ఖేర్ ఆ పదవికి వచ్చాడు. భీష్మ పాత్రధారి చదివినది, శిఖండి పాత్రధారి నటన నేర్చినది కూడా ఆ సంస్థలోనే కావటం గమనార్హం. నకుల సహదేవులుగా సమీర్ చిత్రే, సంజీవ్ చిత్రే నటించారు. మూలంలో వలెనే ఇక్కడ కూడా వారికి చెప్పుకోదగినంత పని లేదు.

దుర్యోధనుడు, కర్ణుడు

పునీత్ ఇస్సార్ దుర్యోధనుడయ్యే నాటికే అతని పేరు దేశానికి తెలుసు. తెలిసిన కారణం మాత్రం మంచిది కాదు. 1982 జూలై 26న బెంగుళూరులో కూలీ చిత్రం పోరాట దృశ్యం తీస్తుండగా, పునీత్‌తో తలపడే సన్నివేశంలో అమితాబ్ బచ్చన్ కడుపుకు బల్ల అంచు తగిలి ప్రాణాపాయం ఏర్పడింది. దేశమంతటా పూజలు, ప్రార్థనలు జరిగాయి. తప్పు తనది కాదని అమితాబే ఓదార్చినా, ఆ తరువాత చాలా కాలం తన చేతికి వచ్చిన అవకాశాలు జారిపోయాయని పునీత్ చెప్పాడు. అతని మొదటి సినిమాయే అది.

మహాభారత్‌కు పిలిచినపుడు అతని దేహదారుఢ్యాన్ని చూసి భీమ పాత్ర ఇవ్వజూపారు. అతడు పట్టుబట్టి దుర్యోధనుని అడిగాడు. అప్పటికే ప్రజల దృష్టిలో దోషిగా నిలబడిన నటుడు మరల ద్వేషింపబడే పాత్రనే కోరుకోవటంలో సాహసమున్నది. ఫలితం ప్రేక్షకులు చూశారు. ద్రౌపదీ వస్త్రాపహరణ ఘట్టం తరువాత ఆ పాత్ర మీద కలిగిన అసహ్యం ఎంతటిదో, ఊరుభంగ సమయంలో అతని మీద కలిగిన జాలి కూడా అంతటిదే. మలయాళ చిత్రం యోధ (1992)లో ప్రతినాయకునిగా నటించాడు, గర్వ్ (2004) చిత్రానికి దర్శకత్వం వహించాడు. తరువాతి కాలంలో మహాభారత గాథను రంగస్థలం మీదకు తెచ్చి, అక్కడ కూడా దుర్యోధనుడే అయ్యాడు.

కర్ణ పాత్రధారి పంకజ్ ధీర్ కథ కర్ణుని కథ వంటిదే, చేతికి అందినది జారిపోయి మరొక రూపంలో తిరిగివచ్చింది. 1956 నవంబరు 9న జన్మించిన ఇతడు చిత్ర దర్శకుడు సి.ఎల్.ధీర్ కుమారుడు. మొదట అర్జున పాత్రకు ఇతనినే నిర్ణయించారు. విరాటపర్వంలో బృహన్నల వేషానికి మీసం తీయవలసి ఉంటుందని చోప్రా చెప్పగా, మీసం తీస్తే తన ముఖం బాగుండదని ఇతడు నిరాకరించాడు. చోప్రా గది తలుపు చూపించాడు. కొన్ని నెలల తరువాత మరల పిలిచి కర్ణుని పాత్ర ఇచ్చారు. మీసం తీయనవసరం లేదు. ఈ వృత్తాంతాన్ని పంకజ్ ధీర్ నవ్వుతూ ఎన్నోమార్లు చెప్పాడు. నర్తనశాల (1963)లో రామారావు అంతటి అగ్రనటుడు బృహన్నలగా మెప్పించటం చూసిన తెలుగువారికి ఆ భయం వింతగా తోస్తుంది. కాని అర్జునుడై ఉంటే ఇతడు నలుగురిలో ఒకడయ్యేవాడేమో, కర్ణుడై నిలిచిపోయాడు.

కర్ణుని గుడులలో తన పోలికలతో విగ్రహాలు ఉన్నాయని, పాఠ్యపుస్తకాలలో కర్ణునికి తన చిత్రమే వేశారని ఇతడు చెప్పేవాడు. చంద్రకాంత ధారావాహికలో శివదత్తుని పాత్ర కూడా మంచి పేరు తెచ్చింది. సినీ టి.వి. నటుల సంఘానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేశాడు. కుమారుడు నికితిన్ ధీర్ కూడా నటుడే.

ద్రౌపది, ఇతర స్త్రీ పాత్రలు

ద్రౌపది పాత్రకు జూహీ చావ్లా దాదాపు ఖాయమైన తరువాత ఆమెకు ఖయామత్ సే ఖయామత్ తక్ (1988) చిత్రంలో నాయికగా అవకాశం వచ్చింది. ఆమె సినిమా వైపు వెళ్ళింది. ఆ స్థానంలోనికి వచ్చినది రూపా గంగూలీ, బెంగాలీ టి.వి. నాటకాల ద్వారా పేరు తెచ్చుకుంటున్న యువతి. హిందీ ఆమె మాతృభాష కాదు. అయినా ద్యూతసభలో ఆమె వేసిన ప్రశ్నలు ధారావాహికకే కాక, దూరదర్శన్ చరిత్రకే శిఖరప్రాయమని చెప్పుకోవచ్చు. ధర్మసూక్ష్మం తెలిసిన వృద్ధులు తల దించుకోగా ఒక స్త్రీ నిలదీసి అడిగిన ఘట్టమది. ఆ దృశ్యం ముగిసిన తరువాత కూడా ఆమె ఏడుపు ఆపుకోలేకపోయిందని తోటి నటులు చెప్పారు.

ఈ నటవర్గంలో కళాకారిణిగా అందరికన్న గట్టి ప్రస్థానం సాగించినది బహుశః ఈమెయే. మృణాల్ సేన్ ఏక్ దిన్ అచానక్ (1989), గౌతమ్ ఘోష్ పద్మా నదీర్ మాఝీ (1993), అపర్ణా సేన్ యుగాంత్ (1995), ఋతుపర్ణ ఘోష్ అంతర్‌మహల్ (2005) చిత్రాలలో నటించింది. అంతే కాదు, అబశేషే అనే బెంగాలీ చిత్రంలో పాడిన రవీంద్ర సంగీతానికి 2011 సంవత్సరపు ఉత్తమ నేపథ్య గాయని జాతీయ పురస్కారం అందుకున్నది. ద్రౌపదిగా గుర్తున్న నటి గాయనిగా జాతీయ పురస్కారం పొందిందని చాలామందికి తెలియదు. 2016 నుండి 2022 వరకు నామినేటెడ్ సభ్యురాలిగా రాజ్యసభలో ఉన్నది.

సత్యవతిగా నటించిన దేవశ్రీ రాయ్ కూడా బెంగాలీ నటియే. ఋతుపర్ణ ఘోష్ ఉనిషే ఏప్రిల్ (1994) చిత్రానికి ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం పొందింది, 2011లోను 2016లోను పశ్చిమ బెంగాల్ శాసనసభకు ఎన్నికైంది. గంగ పాత్రధారిణి కిరణ్ జునేజా అంతకు ముందు బునియాద్ ధారావాహికలో వీరావళి. కుంతిగా నటించిన నాజ్‌నీన్ 1970వ దశకంలో చల్తే చల్తే (1976) వంటి హిందీ చిత్రాలలో కనిపించింది. ఉత్తరగా గోవా ఆడపడుచు, మరాఠీ తార వర్షా ఉస్‌గావ్‌కర్ నటించింది. ఆమె పతిగా అభిమన్యు పాత్ర ధరించిన మయూర్ వర్మ తరువాతి కాలంలో బ్రిటనులోని వేల్స్‌లో స్థిరపడ్డాడు.

తెలుగు తెరకు వచ్చినవారు

ఈ ధారావాహికలో చిన్నవిగా కనిపించిన రెండు పాత్రల నుండి తెలుగు చలనచిత్రాలకు ఇద్దరు ప్రతినాయకులు లభించారు. అశ్వత్థామ పాత్రధారి ప్రదీప్ రావత్ జబల్‌పూర్‌కు చెందినవాడు. మహాభారత్ తరువాత పదేళ్ళపాటు హిందీలో చిన్న పాత్రలతో గడిపి, లగాన్ (2001)లో దేవా పాత్రతో గుర్తింపు పొందాడు. ఎస్.ఎస్.రాజమౌళి దర్శకత్వం వహించిన సై (2004)లో భిక్షు యాదవ్ పాత్ర అతని దశను మార్చివేసింది. ఛత్రపతి (2005), దేశముదురు (2007) మొదలైన చిత్రాలతో తెలుగు ప్రేక్షకులకు ఇంటివాడైపోయాడు. గజిని చిత్రం తమిళ (2005), హిందీ (2008) రూపాలు రెండింటిలోను ప్రతినాయకుడు ఇతడే. భిక్షు యాదవ్‌ను చూసి భయపడిన తరానికి అతడొకప్పటి ద్రోణపుత్రుడని తెలియదు. మహాభారత్ చూసిన తరంలో కూడా గుర్తుపట్టినవారు కొద్దిమందే.

కీచకుడు శరత్ సక్సేనా జబల్‌పూర్ ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు. కీచకుడనగానే తెలుగువారికి నర్తనశాలలో ఎస్.వి.రంగారావు స్ఫురిస్తాడు. జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో బహుమతి పొందిన ఆ నటనతో ఎవరిని పోల్చినా అన్యాయమే అవుతుంది. శరత్ సక్సేనా కండబలాన్ని నమ్ముకున్న కీచకుడు. తరువాత ఇతడు చిరంజీవి నటించిన ముఠా మేస్త్రి (1993)లో ప్రతినాయకునిగా తెలుగువారికి దగ్గరైనాడు.

రాజకీయాలు

పురాణ పాత్రలు ధరించినవారు రాజకీయాలలో ప్రవేశించటం తెలుగువారికి వింత కాదు. రాముడు, కృష్ణుడు అయిన రామారావు 1982లో పార్టీ స్థాపించి 1983లో ముఖ్యమంత్రి అయ్యాడు. దూరదర్శన్ తారల విషయంలో ముందు దారి తీసినది రామాయణ్ వారు. సీత పాత్రధారిణి దీపికా చిఖలియా, రావణ పాత్రధారి అరవింద్ త్రివేది 1991లో గుజరాత్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. రెండు ధారావాహికలలోను హనుమంతుడైన మల్లయోధుడు దారా సింగ్ 2003-2009 మధ్య రాజ్యసభ సభ్యుడు. రాముడైన అరుణ్ గోవిల్ 2024లో మీరట్ నుండి గెలిచాడు. మహాభారత్ తొలి భాగంలో భరత చక్రవర్తిగా కనిపించిన రాజ్ బబ్బర్ పలుమార్లు పార్లమెంటు సభ్యుడు, అయితే అతని రాజకీయం ఈ పాత్ర వలన వచ్చినది కాదు. రామారావుకు, వీరికి ముఖ్యమైన భేదం ఒకటున్నది. ఆయన ముప్పది మూడేళ్ళపాటు నూర్ల పాత్రలు వేసి వెళ్ళాడు, వీరిలో పలువురు ఒక్క పాత్రను మాత్రమే వెంటబెట్టుకొని వెళ్ళారు. ఒకటి రెండు ఎన్నికలకు మించి ఆ పాత్ర వారిని మోయలేకపోయింది.

మరుగునపడినవారు

ఇంద్రుని పాత్ర ధరించిన సతీష్ కౌల్ ఈ నటవర్గంలో అప్పటికే తారాస్థాయి కలిగిన కొద్దిమందిలో ఒకడు. కాశ్మీరీ కుటుంబంలో పుట్టి, పూణెలో నటన నేర్చి, పంజాబీ చిత్రాలలో అగ్రనాయకుడైనాడు. విక్రమ్ ఔర్ బేతాళ్ ధారావాహికలో కూడా నటించాడు. పంజాబీ, హిందీ భాషలలో మూడు వందల చిత్రాలలో నటించినట్లు చెబుతారు. తరువాతి కాలంలో లూధియానాలో నటన నేర్పే పాఠశాల పెట్టి నష్టపోయాడు. తుంటి ఎముక విరిగి మంచం పట్టి, కొంతకాలం వృద్ధాశ్రమంలో గడిపాడు. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా దేశమంతా ఇళ్ళలో ఉండిపోయినపుడు డి.డి. భారతి ఛానల్‌లో మహాభారత్ తిరిగి ప్రసారమైంది. ఇంద్రుడు మరల తెర మీదకు వచ్చిన ఆ రోజులలో ఆ నటుడు మందులకు, ఇంటి అద్దెకు సహాయం అర్థిస్తున్నాడు. 2021 ఏప్రిల్ 10న కోవిడ్ వ్యాధితోనే లూధియానాలో మరణించాడు.

కృపాచార్యునిగా నటిస్తూనే నిర్మాణ వ్యవహారాలలో పాలుపంచుకున్న ధర్మేశ్ తివారీ నటుల, కార్మికుల సంఘాలకు నాయకత్వం వహించి 2014లో మరణించాడు. కంసుడైన గోగా కపూర్ 2011లో, నందుడైన గుజరాతీ రంగస్థల నటుడు రసిక్ దవే 2022లో మరణించారు. బి.ఆర్.చోప్రా 2008లో, రవి చోప్రా 2014లో కాలధర్మం చెందారు. పంకజ్ ధీర్ క్యాన్సర్ వ్యాధితో 2025 అక్టోబరు 15న ముంబైలో మరణించాడు. మొత్తం నటవర్గంలో ముఖం చూపకుండానే అందరికీ గుర్తుండిపోయినవాడు 'సమయం' పాత్రకు కంఠం ఇచ్చిన హరీశ్ భిమానీ. తిరిగే చక్రం వెనుక నుండి ప్రతి భాగాన్ని ఆరంభించినది ఆ గొంతే.